ఇనప పెట్టెలో పడుకున్నవాడు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం ధర్మారావు ఫోన్ చేశాడు. ధర్మారావు మా మేనత్త లోలాక్షి కొడుకు. ఉద్దానంలో మా పాత ఊళ్లోనే ఉండి కొబ్బరి తోటా జీడి తోటా చూసుకుంటాడు. నాకంటే చిన్నవాడు కాబట్టి వదినా అంటాడు. వాడు ఫోన్ చేస్తే ముందు కాసేపు నన్ను ఆటపట్టించి తర్వాత గాని విషయానికి రాడు. ఆ రోజు నేరుగా వచ్చాడు.

“వదినా, అమ్మకి కిడ్నీలు రెండూ పోనాయంటన్నారు పలాసలో. మిషన్ మీద పెట్టాలంట. అమ్మ రానంటంది. సచ్చిపోతే పోతాను గాని ఆ మిషన్ ఎక్కనంటంది. నువ్వొచ్చి సెప్పాల.”

“నా మాట వింటుందా?”

“వినదు. నీతో దెబ్బలాడుతాది. దెబ్బలాడితే అన్నా కొంచెం పేణం వత్తాది మనిషికి. గోడకేసి తిరిగి తొంగున్నాది, పలకడం నేదు.”

దెబ్బలాడటమే వృత్తిగా పెట్టుకున్న దాన్ని నేను. తాయెత్తుల మీద, ముహూర్తాల మీద, ఆవు మూత్రంలో విజ్ఞానం వెతికే పెద్దమనుషుల మీద రాయగలిగినంత కాలం రాశాను, వేదికలెక్కి అరవగలిగినంత కాలం అరిచాను. ఒక ముసలావిడను ఆసుపత్రికి ఒప్పించడం నాకొక లెక్కా అనుకుంటూనే విశాఖలో పాసింజరు ఎక్కాను. సంచిలో రెండు చీరలూ, కళ్లజోడూ, డయాలసిస్ అంటే ఏమిటో తేలిక తెలుగులో వివరించిన కరపత్రాలూ పెట్టుకున్నాను. వాటి కింద ఒక బొమ్మల పుస్తకం ఉంది. కొంతకాలం కిందట విశాఖలో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల కుప్పలో దొరికింది. దాన్ని అత్తకు చూపించాలని కొన్నదీ నిజమే, కొన్నాక చూపించాలా వద్దా అని తేల్చుకోలేక దాచుకున్నదీ నిజమే. ఎందుకో చెప్పాలంటే, అత్త చేతులు ఇంకా నల్లగా ఉండే రోజుల దగ్గరికి వెళ్లాలి.

అత్త చేతులు నల్లగా ఉండేవంటే అది ఒంటి రంగు కాదు. జీడిపిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. పెంకు కొట్టేముందు ఆముదం రాసుకుని బూడిద అద్దుకుంటారు గాని, ఏ బూడిదా దాన్ని పూర్తిగా ఆపలేదు. పలాస షావుకార్ల దగ్గర నుంచి బస్తాలు మా ఊరికి బండ్ల మీద వచ్చేవి. అత్త ఇంటి వెనక తాటాకుల పాక. పాకకు అవతల రేకు పెనం మీద పిక్కలు వేయించేవారు. ఆ పొగ ఘాటు కళ్లలోకీ గొంతులోకీ వెళ్లి, రాత్రి అన్నంలోకి కూడా వచ్చేది. నాకు ఇప్పటికీ ఎక్కడైనా జీడిపెంకు కాలిన వాసన తగిలితే ఆకలి వేస్తుంది. పాకలో ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్కసుత్తులతో పిక్కలు కొట్టేవారు. ఒకరు కొట్టడం, ఒకరు పప్పు తీయడం, ఒకరు పొట్టు తీసి గుండు వేరు, బద్ద వేరు చేయడం. పప్పు విరిగితే షావుకారు మొహం మాడ్చుకుంటాడు. అందుకని చేతులు మెల్లగా నడవాలి, మనసు మాత్రం ఎక్కడికైనా పోవచ్చు. బడి వదలగానే నేను ఆ పాకలోనే ఉండేదాన్ని. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం తరవాణిలో నానిన అన్నం, సాయంత్రం అయితే ఎవరో ఒకరు తెచ్చిన పనసతొనలు. ఇల్లు అనే మాటకు నాకు తెలిసిన మొదటి అర్థం ఆ పాకే.

మావయ్య, అంటే అత్త భర్త, కలకత్తా రేవులో ఖలాసీ. ఏడాదికోసారి వచ్చేవాడు. ఒకసారి వచ్చినప్పుడు గాజు గ్లాసులు తెచ్చాడు. అవి పగలకుండా ఒక్కో గ్లాసుకూ ఒక్కో రంగుల కాగితం చుట్టి ఉంది. గ్లాసుల్ని అందరూ చూశారు. కాగితాల్ని అత్త చూసింది. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, బట్టలు ఇస్త్రీ చేసినట్టు ఒక్కో కాగితాన్నీ సాపు చేసింది. అది ఏదో ఇంగ్లీషు బొమ్మల పుస్తకం. కుట్టు ఊడదీసి పాత కాగితాల అంగడివాడు విడివిడిగా అమ్మేశాడు. పుటల అంకెలుండే అంచులు చిరిగి, నూనె పట్టి పోయాయి. ఒక్కో కాగితం మధ్యకు మడిచి ఉంది. రెండు వైపులా కలిపి నాలుగు పుటలు. అత్త వాటిని తుమ్మముళ్లతో పాక తాటాకు గోడకు గుచ్చింది, రోజుకొక కాగితం, అటూ ఇటూ తిప్పి.

బొమ్మలో ఒక మనిషి ఆకాశంలో ఎగురుతున్నాడు. వీపు మీద పసుపురంగు గుడ్డ రెపరెపలాడుతోంది.

“ఆ గుడ్డేటే లోలాచ్చీ ఈపు మీద?” అని అడిగింది పక్కింటి దాలమ్మ.

“తువ్వాలు.”

“తువ్వాలేసుకుని ఎటెల్తన్నాడు? తానానికా?”

“తానం అయిపోనాది. ఆరబెట్టుకుంతన్నాడు.”

ఆ రోజు నుంచి అతని పేరు తువ్వాలోడు. అసలు పేరు మా ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని అనిపించనూ లేదు. ఒక్కరికి తెలుసుకునే వీలుంది. మా నాన్నకు. ఊళ్లో ఇంగ్లీషు చదవగలిగింది ఆయన ఒక్కడే. బడిపంతులు. గుడికి వెళ్లడు, పురోహితుణ్ణి గడప తొక్కనివ్వడు, టెక్కలిలో గ్రంథాలయం మెట్ల మీద నిలబడి పండితులతో వాదానికి దిగేవాడు. ‘సాక్ష్యం ఏది’ అనే మాట నాకు ‘అమ్మ’ తర్వాత అంత తొందరగా వచ్చిందంటే అది ఆయన వల్లే. ఆయన ఒక సాయంత్రం పాకలోకి తొంగిచూశాడు.

“అన్నయ్యా, ఇందులో ఏటి రాసుందో ఒక్క ముక్క సదివి సెప్పు” అంది అత్త.

నాన్న ఆ కాగితం వంక చూశాడు. ఎగిరే మనిషి కనబడగానే మొహం చిట్లించాడు. “గరుత్మంతుణ్ణి మనం మెడపట్టి గెంటితే వీడు కిటికీలోంచి వచ్చాడు. అబద్ధానికి నా నోరు అరువివ్వనమ్మా.”

“నీ నోరు నాకెందుకులే. నాకు నేదేటి.”

దాలమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. నాన్న కూడా నవ్వాడు, కాని చదవలేదు. ఆయన చదవని ఆ రెండు నిమిషాల వల్ల ఎంత దూరం ఏమేం నడిచాయో ఆయనకు ఎప్పటికీ తెలియదు.

అత్త కాగితాల్ని తనకు దొరికిన వరసలో చదివింది, అంటే బొమ్మల్ని చూసి చెప్పింది. ఆమె చెప్పిన కథ ఇది. సముద్రం ఒడ్డున ఒక రేవు పట్నం. అక్కడొక మామూలు మనిషి, బక్కపలచగా, భుజాలు వంగి, వానలో తడుస్తూ నడుస్తున్నాడు. సముద్రం పొంగుతోంది. ఊరోళ్లందరూ గట్టుకు భుజాలానించి కెరటాన్ని ఆపుతున్నారు. వాళ్ల బాధ చూడలేక ఆ బక్కమనిషి ఒక తెల్లగడ్డం తాత దగ్గరికి పోయాడు. తాత దగ్గర ఒక ఇనప పెట్టె ఉంది. మనిషిని అందులో పడుకోబెట్టి గొట్టాలు తగిలించాడు. పెట్టె గుడగుడలాడింది. మూత తీస్తే బక్కమనిషి తువ్వాలోడై లేచాడు. ఎగిరాడు. ఓడల్ని అగ్గిపెట్టెల్లా పట్టుకుని ఒడ్డున పెట్టాడు. ఇంతే కథ. కాని ఈ ఇంతే కథను అత్త ఎన్ని రోజులు సాగదీసిందో. ఆ నాటి పిక్కల కుప్ప అయిపోగానే, సరిగ్గా పెట్టె మూత కదలబోయే చోట, ఆపేసేది. చేతులు కడుక్కోవడానికి లేచేది.

“మూత తీసేరా?” అని నేను అత్త కొంగు పట్టుకుని ఏడ్చేదాన్ని.

“రేపు తీత్తారు. రేపొత్తావు గదేటే గుంటా.”

నాకు ఒళ్లు మండేది. ఆ మంటతోనే మర్నాడు బడి గంట కాకముందే పాకకు పరిగెత్తేదాన్ని. ఒళ్లు మండిన ఆడవాళ్లు నాకంటే ముందే వచ్చేసి ఉండేవారు. అత్త పాకలో పనికి మనుషులు కరవైన రోజు నాకు గుర్తులేదు.

తర్వాత ఆ కథ అత్త చేతులు దాటిపోయింది. జముకుల కథ చెప్పే పార్టీ ఒకటి మా ఊరు వచ్చి అత్త అరుగు మీద బస చేసింది. జముకు తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: కుండలాంటి చిన్న వాయిద్యం, తీగ లాగి మీటితే ముక్కుతో మాట్లాడినట్టు వింత నాదం వస్తుంది. ఒకరు కథ పాడుతుంటే పక్కవాళ్లు దాన్ని మీటుతూ వంత పాడతారు. ఆ పార్టీవాళ్లు మరో ఏడు వచ్చినప్పుడు రాజకుమారుడి కథ చెబుతూ, అతను యుద్ధంలో బలం ఉడిగి పడిపోయిన చోట, ఒక మునిచేత ఇనప పెట్టె తెప్పించారు. జముకు గుడగుడలాడింది. మూత తీశారు. వింటున్న ఆడవాళ్లంతా ఒక్కసారి అత్త వైపు తిరిగారు. అత్త తలొంచుకుని చీర కొంగు సర్దుకుంది, పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలాగా. నేను టెక్కలిలో చదువుతున్నప్పుడు కాలేజీ నాటకంలో ఒక కూలివాడు మిల్లు బాయిలరులో పడుకుని ఎర్రజెండాతో లేచాడు. ఆ నాటకం రాసినవాడిది పూండి దగ్గర ఊరు. వాళ్లమ్మ అత్త పాకలో పొట్టు తీసేది. అడిగితే, “ఇది అంతర్జాతీయ ప్రతీక” అన్నాడు గంభీరంగా.

ఆ పైన పలాస హాల్లో ఒక సినిమా వచ్చింది. హీరోను విలన్లు పొడిచి పడేస్తే, డాక్టరు అతన్ని ఒక యంత్రంలో పడుకోబెట్టి గొట్టాలు తగిలిస్తాడు. తెర మీద మూత కదిలేసరికి బెంచీ టిక్కెట్లలో ఉన్న మా ఊరి ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. “మన లోలాచ్చి కత దొబ్బేసినారే” అని దాలమ్మ హాలంతా వినిపించేలా అంది. సినిమావాళ్లు ఉద్దానం వచ్చి అత్త పాక బయట నిలబడి చాటుగా విని రాసుకుపోయారని మా ఊళ్లో ఈనాటికీ నమ్మేవాళ్లున్నారు. ఆ సినిమా తీసినవాళ్లు మద్రాసులోనో బొంబాయిలోనో ఆ పుస్తకాన్నే, లేదా ఆ పుస్తకాన్ని చూసి తీసిన ఇంకేదో సినిమాను చూసి ఉంటారు. ఒకే నీరు రెండు కాలవల్లో వచ్చి మా హాల్లో కలిసింది. ఇప్పుడు ధర్మారావు మనవరాలు ఫోనులో ఆడే ఆటలో కూడా ఒక బొమ్మ మనిషి దెబ్బతిని ఒక డబ్బాలోకి వెళ్లి పడుకుంటాడు, పచ్చగా వెలిగి లేస్తాడు. ఆ పిల్లకు తువ్వాలోడు తెలియదు. డబ్బా తెలుసు.

నేను పెద్దయి కలం పట్టాక వీళ్లందరి మీదా విరుచుకుపడ్డాను. ఎగిరే వీరుల కథల మీద ఒక పెద్ద వ్యాసం రాశాను. అవతార పురుషుడికి బట్టలు మార్చి మళ్లీ మన నెత్తిన ఎక్కిస్తున్నారనీ, ఎవడో వచ్చి ఎత్తుతాడని ఆకాశం వంక చూసే జాతి తన భుజాల వంక ఎప్పుడూ చూసుకోదనీ రాశాను. నాన్న అప్పటికి ఉన్నాడు. చదివి, “గట్టిగా కొట్టావు” అన్నాడు. ఆ వ్యాసంలో ఉదాహరణకు తువ్వాలోడి కథనే తీసుకున్నాను. బలం బయటి నుంచి వస్తుందని, పెట్టెలోంచి వస్తుందని, జనం గట్టుకు భుజాలానించి ఆపుతుంటే అది చాలదని చెప్పే కథ ఇది అని రాశాను.

ఆ కథే, విశాఖ పేవ్‌మెంటు మీద, కుట్టుతో, అంకెలతో, పూర్తిగా నా చేతికి వచ్చింది. పసుపు తువ్వాలు చూడగానే అక్కడే పుస్తకాల కుప్ప పక్కన గట్టు మీద కూర్చున్నాను. చదివాను. మళ్లీ చదివాను. మడిచిన కాగితాలు ఒకదానిలో ఒకటి ఇమిడి పుస్తకం అవుతుంది. పై కాగితంలో మొదటి పుటలూ ఉంటాయి, చివరి పుటలూ ఉంటాయి. దాన్ని విడదీసి ఒక దాని తర్వాత ఒకటి పేర్చితే తల తోక అవుతుంది. అసలు కథలో తువ్వాలోడు మొదట్లోనే ఎగురుతున్నాడు. పుట్టుకతోనే బలవంతుడు. సముద్రం పొంగింది. ఒక్కడు ఎంత బలవంతుడైనా అంత పొడవు గట్టును ఒక్కడే ఆపలేడు. ఈ చివర ఆపితే ఆ చివర తెగుతోంది. అప్పుడు అతను తెల్లగడ్డం తాత దగ్గరికి వెళ్లి అడుగుతాడు: నా బలాన్ని నాలోంచి తీసి ఊరందరికీ పంచగలవా అని. పెట్టెలో పడుకుంటాడు. బలం పోతుంది. రేవులో ప్రతి మనిషిలోకీ, బస్తాలు మోసేవాడిలోకీ, చేపల బుట్టల ఆడవాళ్లలోకీ, ముసలివాళ్లలోకీ తలా కొంచెం వెళ్తుంది. వాళ్లు గట్టుకు భుజాలానించి సముద్రాన్ని ఆపుతారు. చివరి బొమ్మలో ఒక బక్కమనిషి వానలో తడుస్తూ ఇంటికి నడిచి వెళ్తుంటాడు. ఎవరూ గుర్తుపట్టరు.

ప్రపంచంలో ఎగిరే మగాళ్ల కథలన్నింటిలో మా నాన్న ఒప్పుకునే కథ ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. ఇది గోడకు గుచ్చి ఆయన కళ్ల ముందు ఉంది. ఆయన చదవలేదు. అబద్ధం అని ముందే తెలుసు కాబట్టి చదవలేదు. ఆయన పెంచిన నేను, చదవకుండానే దాని మీద వ్యాసం రాశాను. ఆ పుస్తకంతో ఇంటికి వచ్చి, సవరణ ఒకటి రాద్దామని కూర్చున్నాను. రాయలేదు. ముందు అత్తకు చెప్పాలనిపించింది.

పూండి స్టేషన్లో దిగేసరికి ధర్మారావు బండి మీద వచ్చి ఉన్నాడు. దారి పొడుగునా జీడి తోటలు పాతవే. ప్రతి గుమ్మం ముందూ నీళ్ల డబ్బాలు మాత్రం కొత్తవి. మా చిన్నప్పుడు ఇసకలో రెండు మూరలు తవ్వితే తియ్యటి నీళ్లు ఊరేవి, దోసిలితో తాగేవాళ్లం. ఇప్పుడు ఆ నీళ్ల వంక అందరూ అనుమానంగా చూస్తున్నారు. ఊరూరా కిడ్నీలు తినేస్తున్న ఈ జబ్బుకు మూలం ఏమిటో ఇంకా ఎవరూ కచ్చితంగా తేల్చలేదు. తేలని చోట నిజాయితీగా తెలియదనడమే శాస్త్రం. కాని తెలియదనే ఆ ఖాళీలోకే పసర్లవాళ్లూ, తాయెత్తులవాళ్లూ జొరబడి పేదవాళ్ల మెడలు వంచుతున్నారు. వాళ్ల మీద నా కోపం చల్లారలేదు, చల్లారకూడదు. బండి మీద వెనక కూర్చుని సంచిలో పుస్తకం సంగతి ధర్మారావుకు చెప్పాను. వాడు బండి ఆపేశాడు.

“పెట్టి బలం లాగేత్తాదని రాసుందా అందులో?”

“అవును.”

“వదినా, నీకు దండం పెడతాను, అది అమ్మకి సూపించకు. అమ్మ అనేది అదే. మిషన్ రగతం లాగీసి మనిషిని పీల్సేత్తాదని.”

చూపించనని మాటివ్వలేదు. చూపిస్తాననీ అనలేదు.

అత్త వెనక గదిలో మంచం మీద ఉంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. చేతుల మీద నలుపు ఎప్పుడో వదిలింది, చర్మం బూడిద రంగులోకి తిరిగింది. నన్ను చూసి లేవలేదు గాని గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

“వచ్చీసినావేటే కోడలా. ఉపన్యాసం సెప్తావా?”

“చెప్తాను.”

“సెప్పు మరి. తొంగుని ఇంతాను.”

కరపత్రాలు తీసి మొదలుపెట్టాను. మూత్రపిండాల పని ఏమిటో, అది ఆగితే రక్తంలో ఏం పేరుకుంటుందో, యంత్రం దాన్ని ఎలా వడకడుతుందో చెప్పాను. విన్నది. చివర అంది:

“మన ఈదిలో అప్పన్న ఎక్కినాడు, పోనాడు. తవిటమ్మ ఎక్కింది, పోనాది. ఎక్కనోలు తిరుగుతన్నారు.”

“జబ్బు ముదిరినవాళ్లే కదా యంత్రం దాకా వెళ్లేది. వాన పడేటప్పుడు గొడుగులు కనబడతాయి. గొడుగులే వాన తెచ్చాయంటావా?”

“గొడుగున్నోడు తడవడు. ఈలు తడిసిపోయి సచ్చేరు గదేటి.”

గుమ్మం దగ్గర ధర్మారావు పక్కకు తిరిగి నవ్వు దాచుకున్నాడు. టెక్కలి పండితుల్ని నోరెత్తనివ్వని ఆ ఇంటి వాదన నా తరంలో ఒక మంచం దగ్గర ఓడిపోయింది. అత్తకు కోపం లేదు. అలసట ఉంది. “ఇన్ని కొబ్బరి సెట్లున్నాయి. ఒక్క బొండం తాగొద్దంటాడు ఆ డాక్టరు. నీల్లు కొలిసి తాగమంటాడు. తాగకుండా, తినకుండా, వారంలో మూడు మాట్లు సూదుల మీద పడుండి, ఎవులి కోసమే? సాల్లే.” ఆ ‘సాల్లే’లో ఏడుపు లేదు. అందుకే నాకు భయం వేసింది. వెళ్లిపోవడానికి సిద్ధమైనవాళ్ల గొంతు అలాగే ఉంటుంది.

మరో కరపత్రం తీశాను. కళ్లజోడు పెట్టుకోవడానికి సంచిలో చెయ్యి పెడితే పసుపు అట్ట బయటికి తొంగిచూసింది.

“అదేటి?” అంది అత్త.

ధర్మారావు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. పుస్తకాన్ని లోపలికి తోసేయవచ్చు. ఆ క్షణంలో తోసేయడం దయ అనిపించింది. కాని ఎవరి మంచి కోసమో నిజం దాచిపెడతామనే ప్రతివాడి మీదా ఇన్నేళ్లు అరిచినదాన్ని. చావు దగ్గర పడిన మనిషికి నిజం అక్కర్లేదని అనుకుంటే, ఆ మనిషిని అప్పుడే లెక్కలోంచి తీసేసినట్టు. తీసి ఆమె చేతిలో పెట్టాను.

అత్త అట్టను వేలితో నిమిరింది. “తువ్వాలు పసుపే. నాను పసుపనే సెప్పేను” అంది. పుటలు తిప్పింది. ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, పాత చుట్టాల్ని చూసినట్టు చూసింది. సగంలో నుదురు ముడిపడింది. “ఇదేటి, పెట్టి ఎనక్కెల్లిపోనాది? ఎగరడం అయిపోనాక తొంగున్నాడేటి?” నా వైపు చూసింది. “నీకు ఇంగిలీసొచ్చు గదా. మీ నాన్న సదవలేదు. నువ్వు సదువు.”

చదివాను. మంచం పక్కన కూర్చుని, మొదటి అక్షరం నుంచి చివరి బొమ్మ దాకా, మాట మార్చకుండా చదివాను. ధర్మారావు గుమ్మంలోనే చతికిలబడి తల పట్టుకున్నాడు.

“అయితే పెట్టి బలం లాగీసిందన్నమాట” అంది అత్త, అంతా అయ్యాక.

“ఈ కథలో, అవును.”

“నాను ఎనకదాన్ని ముందు సెప్పేను.”

“కాగితాలు అలా వచ్చాయి అత్తా.”

 వాకిట్లో ఎండబెట్టిన చేపల మీద వాలిన కాకుల్ని ధర్మారావు భార్య తోలుతోంది. అత్త మళ్లీ పుటలు వెనక్కి తిప్పి ఒక బొమ్మ దగ్గర ఆపింది. రేవు జనం గట్టుకు భుజాలానించిన బొమ్మ.

“లాగీసిన బలం ఈలకెల్లిందా?”

“వీళ్లందరికీ. తలా కొంచెం.”

“ఈ బక్క ముసిల్దానికి కూడానా?”

“ఆమెకు కూడా.”

“పని సేత్తన్నాది సూడు, మొగోల్లకి సమానంగా.” ఆమె చాలాసేపు ఆ ముసలావిడను చూసింది. తర్వాత, పిక్క పగలగొట్టి పప్పు ఊడివచ్చిందో లేదో చూసే చూపుతో నన్ను చూసింది. “నా కత తప్పు కాదే గుంటా. మీ పుస్తకం ముందు సగం, నాది ఎనక సగం. ఆడు బలం పెట్టిలో పెట్టీసెల్లినాడు. ఎనక బక్కోడొచ్చి తీసుకున్నాడు. పెట్టినోడు లేకపోతే తీసుకునేదేటి?”

నేను నిజం చెప్పే రోగం ఉన్న మనిషిని. “అత్తా, ఆ మిషన్ బలం ఇవ్వదు. రక్తంలో మురికి తీస్తుంది, అంతే.”

“తెలిసిందిలే. నువ్వు సెప్పినప్పుడు ఇన్నాను. అది ఎవులు సేసినారు?”

“ఎవరో ఒకరు కాదు. చాలామంది, చాలా దేశాలవాళ్లు, కొన్ని తరాలు కష్టపడ్డారు.”

“నా దగ్గర డబ్బులడగరంట, ధర్మా సెప్పేడు. మరెవులిత్తన్నారు?”

“అందరూ కట్టే పన్నుల్లోంచి.”

“అందుకే అంటన్నాను.” పుస్తకం మూసి తలగడ కింద పెట్టుకుంది. “ఆ ముసిల్ది కూడా పెట్టింటాది అందులో కొంచెం. ఒరే ధర్మా, ఆ ఆటోవోడికి పొద్దున్న రమ్మని సెప్పు. ఎర్రటెండలో నాను రాను.”

ధర్మారావు లేచి ఫోను తీస్తూ వాకిట్లోకి నడిచాడు.

మర్నాడు పలాసలో వార్డు చల్లగా, స్పిరిటు వాసనతో ఉంది. మంచాల పక్కన మనిషెత్తు యంత్రాలు. అత్త ఒకదాన్ని పైనుంచి కిందికి చూసి, “పెట్టి ఇంతేనా” అంది. మెడ దగ్గర గొట్టం పెడుతున్నప్పుడు నా చెయ్యి పట్టుకుంది. నొప్పికి కళ్లు మూసుకుంది గాని చెయ్యి లాక్కోలేదు. ఎర్రటి గొట్టాలు నిండి, యంత్రం తిరగడం మొదలైంది. గుడగుడలాడలేదు. చిన్నగా గురక పెట్టినట్టు శబ్దం. ఆ శబ్దం వింటుంటే, మా నాన్న ఇక్కడ ఉంటే ఏమనేవాడా అనుకున్నాను. నర్సును ఆ యంత్రం ఎలా పనిచేస్తుందని అరగంట ప్రశ్నించి ఉండేవాడు. అత్త కథకు మాత్రం సాక్ష్యం అడిగేవాడు కాదేమో. ఏమో, అడిగేవాడేమో. ఆయన్ని మంచివాడుగా చూపించడానికి ఆయన అనని మాట అనిపించకూడదు.

పక్క మంచం మీద ఒక అమ్మాయి. సుమ్మాదేవి అనే ఊరి నుంచి వచ్చిందట, పాతిక ముప్పై లోపు వయసు. ఆమెకు ఇది మొదటిసారి కాదు. కిందటిసారి సగంలోనే లేచి వెళ్లిపోతానని గొడవ చేసిందని నర్సు చెప్పింది. ఇప్పుడూ గొట్టాల వంక చూడకుండా పైకప్పు వంక చూస్తూ పెదవి కొరుక్కుంటోంది. అత్త తల తిప్పలేదు, తిప్పకూడదు. అలాగే కప్పు వంక చూస్తూ మొదలుపెట్టింది.

“ఒలమ్మీ, నీకు తువ్వాలోడు తెలుసా?”

“ఎవులు పెద్దమ్మా?”

“ఆడికి ఎగిరేటంత బలముండేది. సముద్రం ఒడ్డున ఒక పట్నం.”

ఈసారి కథ కొత్తగా నడిచింది. తువ్వాలోడు ఎగిరాడు, గట్టు ఆ చివర తెగింది, తాత దగ్గరికి వెళ్లాడు, పెట్టెలో పడుకుని బలమంతా అందులో పెట్టేశాడు. రేవు జనంలో పాక దాలమ్మ కూడా వచ్చి చేరింది, చెక్కసుత్తి పట్టుకుని. ఆ అమ్మాయి ఎప్పుడు పెదవి కొరకడం మానేసిందో నేను చూడలేదు. బక్కమనిషి వానలో నడిచివెళ్లాడు. పెట్టె ఖాళీగా లేదు, అడుగున ఇంకా కొంచెం మిగిలే ఉంది. అప్పుడు ఆ దారిన ఒక ముసలావిడ వచ్చింది. కాళ్లు వాచి, ఊపిరాడక. పెట్టె మూత మీద చెయ్యి వేసింది.

నర్సు వచ్చి అత్త గొట్టాలు తీయడం మొదలుపెట్టింది.

“మూత తీసిందా పెద్దమ్మా?” అంది ఆ అమ్మాయి.

“నాకు టైమైపోనాది. ఎల్లుండి సెప్తాను. ఎల్లుండి వత్తావు గదా?”

“వత్తాను. ఇప్పుడే సెప్పీవచ్చు గదేటి.”

అత్త కళ్లు మూసుకుంది. మొహం పాలిపోయి ఉంది, పెదవి చివర మాత్రం ఆ పాక నాటి పెంకితనం. అమ్మాయి నా వైపు తిరిగింది. “మేడమ్మా, మీకు తెలిసే ఉంటాది. ఏటవుతాది?”

తెలిసిన విషయాన్ని నేను ఎప్పుడూ ఎవరి దగ్గరా దాచలేదు. పుస్తకం ఇంట్లో అత్త తలగడ కింద ఉంది, అందులో పెట్టె మూత మీద చెయ్యి వేసే ముసలావిడ లేదు. పాక గోడ మీద కాగితాల్లోనూ లేదు.

“నాకూ తెలీదమ్మా” అన్నాను. “నేనూ ఎల్లుండి దాకా ఆగాలి.”

బయటికి వచ్చి ధర్మారావుతో నా తిరుగు టిక్కెట్టు మార్పించుకున్నాను.